లినక్స్‌లో డెస్క్‌టాప్ అప్లికేషన్‌కు ఏ టూల్‌కిట్? ముందు ‘స్త్రీ’ అని రాసి చూడండి

మూడేళ్ల కిందట మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాల జాబితా కోసం చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. పైథాన్, టికింటర్, నాలుగు బటన్లు, ఒక వెతికే పెట్టె, అంతే. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. గ్రంథాలయంలో ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ఉంది, దాంట్లో లినక్స్ ఉంది. అక్కడ తెరిచేసరికి పుస్తకాల పేర్లన్నీ ముక్కలైపోయాయి. ‘స్త్రీ’లో స ఒకచోట, పక్కన పొల్లు, తర్వాత త, మళ్లీ పొల్లు, చివర్లో ర మీద గుడి. జాబితా చూసుకునే పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, “బాబూ, ఇది తెలుగేనా?” అన్నారు.

ఫాంటు బాగాలేదేమో అనుకుని వరసగా నాలుగు ఫాంట్లు మార్చాను. ఏం లాభం లేదు. లోపం ఫాంటులో లేదు, నేను ఎంచుకున్న టూల్‌కిట్ టికింటర్‌లో ఉంది. కిటికీలు, బటన్లు గీసిపెట్టే కోడ్ లైబ్రరీనే టూల్‌కిట్ అంటారు. అప్పటిదాకా టూల్‌కిట్ ఎంచుకోవడం అంటే బటన్లు ఏది బాగా గీస్తుందో చూడటమే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా “జీటీకేనా, క్యూటీనా, ఎలక్ట్రానా?” అని అడిగితే, జవాబు చెప్పే ముందు నేనే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. ఆ ప్రశ్నలేమిటో ముందు చెప్పి, తర్వాత ఒక్కో టూల్‌కిట్ దగ్గరికి వస్తాను.

## ఏం చూసి ఎంచుకోవాలి

తెలుగు సరిగ్గా వస్తుందా. కంప్యూటర్ లోపల ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు, ఆరు కోడ్‌ల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ చూసి, ఫాంటులోని ఏ రూపాన్ని ఎక్కడ పెట్టాలో, ఏది కిందికి ఒత్తుగా దిగాలో తేల్చే పనిని షేపింగ్ అంటారు. లినక్స్ ప్రపంచంలో ఈ పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. జీటీకే దాన్ని పాంగో ద్వారా వాడుకుంటుంది. క్యూటీ, క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియం, ఫ్లట్టర్ కూడా దాన్నే వాడతాయి. టికింటర్ కింద ఉండే టీకే మాత్రం లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌టీ అనే లైబ్రరీ మీద అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకు అది చాలు, మనకు చాలదు. విండోస్‌లో ఆ పని ఆపరేటింగ్ సిస్టమే చేసిపెడుతుంది కాబట్టి అక్కడ ఈ లోపం బయటపడదు. నేను మోసపోయింది సరిగ్గా అక్కడే.

చూపించడం ఒక్కటే కాదు, టైపు చేయడం కూడా చూడాలి. లినక్స్‌లో తెలుగు టైపింగ్ ఎక్కువగా ఐబస్, ఎఫ్‌సిటిక్స్ అనే టైపింగ్ ప్రోగ్రాంల ద్వారా జరుగుతుంది. టూల్‌కిట్ వాటితో మాట్లాడగలగాలి.

మీకు ఏ భాష వచ్చు. పైథాన్ ఒక్కటే వచ్చినవాళ్లు, టూల్‌కిట్ బాగుందని సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవడం మొదలుపెడితే అప్లికేషన్ పూర్తయ్యేది ఎప్పుడు? పైగా రేపు మీరు ఉద్యోగం మారితే ఆ కోడ్‌ను చూసుకునేది ఎవరు? వాళ్లకు వచ్చిన భాష కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లైసెన్సు. ఉచితంగా పంచే ప్రోగ్రాం అయితే దీని మీద పెద్దగా తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. సోర్స్ (ప్రోగ్రాం అసలు కోడ్) ఇవ్వకుండా అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం కోడ్ మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి.

ఏ డెస్క్‌టాప్‌లో ఇమడాలి, ఎంత బరువు మోయాలి. గ్నోమ్‌లో మాత్రమేనా, కేడీఈలోనా, విండోస్‌లో కూడానా? 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో నడవాలా? చూపు లేనివాళ్లు, తెర మీదిది చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్‌తో వాడతారా?

వీటన్నిటి వెనక ఇంకొకటి ఉంది, మార్చుకోవాల్సి వస్తే ఎంత ఖర్చు అని. జీటీకే పుట్టిందే గింప్ అనే బొమ్మల ఎడిటర్ కోసం. పేరులోని మొదటి అక్షరం గింప్‌దే. అలాంటి గింప్‌కే జీటీకే 2 నుంచి 3కు మారడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? జీటీకే 3 వచ్చింది 2011లో. దాని మీద నడిచే గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. అప్పటికి జీటీకే 4 వచ్చి కూడా నాలుగేళ్లు దాటింది. సొంత ఇంటి బిడ్డకే పద్నాలుగేళ్లు పట్టినప్పుడు, ఒక టూల్‌కిట్‌లోంచి పూర్తిగా ఇంకోదానికి మారాల్సిన మన సంగతి ఊహించుకోండి. అందుకే ఎంపికలో ఒక వారం ఆలస్యమైనా నష్టం లేదంటాను.

## క్యూటీ

తయారుచేసినవాళ్లు దీన్ని ‘క్యూట్’ అని పలకమంటారు. మన దగ్గర అందరూ క్యూటీ అనే అంటారు, నేనూ అదే అంటాను.

నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ అనే సంస్థ 1990ల మధ్యలో దీన్ని మొదలుపెట్టింది. కేడీఈ డెస్క్‌టాప్ 1996లో దీని మీదే మొదలైంది. అప్పట్లో క్యూటీ లైసెన్సు పూర్తిగా స్వేచ్ఛాయుతంగా లేదన్న అభ్యంతరంతో 1997లో గ్నోమ్ పుట్టింది. అంటే ఈ రోజు మనం పడుతున్న ‘ఇదా, అదా’ సందిగ్ధానికి మూలం సాంకేతికం కాదు, లైసెన్సు. 2000లో క్యూటీకి జీపీఎల్ (దాంతో కట్టిన ప్రోగ్రాంను పంచితే సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్సు), నోకియా కొన్నాక 2009లో ఎల్‌జీపీఎల్ (మన సోర్స్ ఇవ్వకుండానే వాడుకోనిచ్చే సడలించిన రూపం) వచ్చాయి. ఆ గొడవ సద్దుమణిగింది గానీ రెండు దారులు మాత్రం రెండుగానే మిగిలిపోయాయి.

క్యూటీ బలం దాని విస్తృతి. విండోలు, బటన్లే కాకుండా డేటాబేస్, నెట్‌వర్క్, ప్రింటింగ్, పీడీఎఫ్, ఆడియో అన్నీ ఒకే చోట దొరుకుతాయి. వీఎల్‌సీ, ఓబీఎస్ స్టూడియో, క్రిటా, వర్చువల్‌బాక్స్ అన్నీ దీని మీదే నడుస్తాయి. ఒకే కోడ్ లినక్స్‌లోనూ, విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ దాదాపు ఆ చోటి అప్లికేషన్ లాగే కనిపిస్తుంది. వైర్‌షార్క్ ఏళ్ల తరబడి జీటీకే మీద ఉండి, 2015లో వచ్చిన 2.0తో క్యూటీకి మారింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2011లో మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే డైవింగ్ లాగ్ కూడా జీటీకేతో మొదలై క్యూటీకి వెళ్లింది. ఎక్కువ ప్రాజెక్టులు ఈ దిశలోనే మారాయి, దానికి పెద్ద కారణం విండోస్, మ్యాక్ వాడేవాళ్లే.

ఇందులో రెండు రకాలున్నాయి. విడ్జెట్స్ పాత పద్ధతి: ఫారాలు, పట్టికలు, మెనూలు. క్యూఎంఎల్ కొత్త పద్ధతి: యానిమేషన్లు, టచ్ స్క్రీన్. బిల్లింగ్, జాబితాలు, ఆఫీసు పని లాంటివైతే కళ్లు మూసుకుని విడ్జెట్స్ తీసుకోండి. క్యూఎంఎల్ చూడ్డానికి కొత్తగా ఉందని వెళ్లి, ఒక మామూలు పట్టికను ఎడిట్ చేయించడానికి వారం రోజులు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

పైథాన్‌లో రాసేవాళ్లకు రెండు దారులున్నాయి. పైసైడ్6 క్యూటీ కంపెనీ సొంతంగా ఇచ్చేది, ఎల్‌జీపీఎల్. పైక్యూటీ6 రివర్‌బ్యాంక్ అనే వేరే సంస్థది. అది జీపీఎల్, లేదంటే డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు తీసుకోవాలి. రెండింటి కోడ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నెట్‌లో దొరికే పాఠాల్లో చాలా వరకు పైక్యూటీవే కాబట్టి కొత్తవాళ్లు తెలియకుండానే దాంట్లో దిగిపోతారు. సోర్స్ ఇవ్వకుండా అమ్మాలనుకుంటే మొదటి రోజే పైసైడ్ పెట్టుకోండి.

లైసెన్సు విషయంలో ఇంకో మెలిక ఉంది. క్యూటీ మొత్తం ఎల్‌జీపీఎల్ కాదు. క్యూటీ చార్ట్స్, వర్చువల్ కీబోర్డ్ లాంటి కొన్ని మాడ్యూళ్లు స్వేచ్ఛా రూపంలో జీపీఎల్ కిందే దొరుకుతాయి. అమ్మే ప్రోగ్రాంలో గ్రాఫులు గీయడానికి తొందరపడి చార్ట్స్ కలిపారా, చిక్కుకున్నట్టే. పైగా దీర్ఘకాలిక మద్దతు ఉన్న వెర్షన్ల దిద్దుబాట్లను ముందుగా డబ్బు కట్టిన ఖాతాదారులకే ఇస్తామని కంపెనీ 2020లో ప్రకటించింది. అప్పుడు చాలామందికి టెన్షన్ పట్టుకుంది. కొంత ధైర్యం ఇచ్చేది ఒకటుంది: కేడీఈకి, క్యూటీ యజమానికి మధ్య 1998 నుంచీ ఒప్పందం నడుస్తోంది. స్వేచ్ఛా వెర్షన్‌ను ఆపేస్తే క్యూటీని బీఎస్‌డీ తరహా ఉదారమైన లైసెన్సుతో విడుదల చేసే హక్కు కేడీఈ ఫ్రీ క్యూటీ ఫౌండేషన్‌కు ఉంటుంది. అంచేత రేపు పొద్దున్నే క్యూటీ మాయమైపోతుందన్న భయం అక్కర్లేదు.

తెలుగు విషయంలో క్యూటీతో నాకు ఇబ్బంది రాలేదు, ఒక్కచోట తప్ప. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో వేసుకునే పైసైడ్‌లో ఐబస్ ప్లగిన్ వస్తుంది, ఎఫ్‌సిటిక్స్ ప్లగిన్ రాదు. ఎఫ్‌సిటిక్స్‌తో తెలుగు కొట్టేవాళ్ల దగ్గర కీబోర్డు ఇంగ్లీషులోనే మొండికేస్తే ముందు చూడాల్సింది అదే. మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ఇచ్చే ప్యాకేజీని వాడితే ఈ తలనొప్పి తగ్గుతుంది.

## జీటీకే

ఇది సీ భాషలో రాసింది. అయినా మీరు సీ ముట్టుకోనక్కర్లేదు. పైథాన్, రస్ట్, జావాస్క్రిప్ట్, వాలా, ఏదైనా పట్టుకోవచ్చు. వేరే భాషల నుంచి వాడుకునే వంతెనలు, అంటే బైండింగ్‌లు, తయారుచేయడం తేలికగా ఉండాలని మొదటినుంచీ పట్టుపట్టి కట్టారు. అది దీని గొప్పతనం. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే, సినమన్ అన్నీ దీని కుటుంబమే. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అన్నింటిలో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్ గ్నోమ్ కాబట్టి, జీటీకే ఇప్పటికే ఆ యంత్రంలో ఉంటుంది. మీ ప్యాకేజీ చిన్నదిగా ఉంటుంది. తెలుగుకు పాంగో ఉంది, ఆ వైపు నిశ్చింత. లైసెన్సు ఎల్‌జీపీఎల్, మధ్యలో అమ్మే కంపెనీ ఏదీ లేదు.

అయితే ‘జీటీకే’ అన్నది ఇప్పుడు రెండు వేర్వేరు నిర్ణయాలు. ఒకటి జీటీకే 4. రెండోది దాని మీద గ్నోమ్ వాళ్లు కట్టిన లిబ్‌అద్వైత. పేరులో అద్వైతం ఉంది గానీ, ఈ లైబ్రరీ వచ్చాక జీటీకే ప్రపంచం ద్వైతమైపోయింది! లిబ్‌అద్వైత వాడితే కిటికీ పై పట్టీ, సెట్టింగుల పేజీలు, సన్నని తెరకు తగ్గట్టు ముడుచుకోవడం, చీకటి రంగు అన్నీ తక్కువ కోడ్‌తో వచ్చేస్తాయి. అప్లికేషన్ గ్నోమ్‌లో సొంత పిల్లలా కలిసిపోతుంది. మింట్‌లోనో ఎక్స్‌ఎఫ్‌సీఈలోనో తెరిస్తే మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటుంది, ఆ డెస్క్‌టాప్ థీమ్ దానికి పట్టదు. ఇది ఎంతవరకు వెళ్లిందంటే, 2024లో వచ్చిన లినక్స్ మింట్ 22లో క్యాలిక్యులేటర్ లాంటి కొన్ని గ్నోమ్ అప్లికేషన్లను కావాలనే పాత జీటీకే 3 వెర్షన్లకు వెనక్కి తీసుకెళ్లారు.

కాబట్టి ప్రశ్న ఇది: మీ అప్లికేషన్ గ్నోమ్ వాళ్ల కోసమా, లినక్స్ వాళ్లందరి కోసమా? మొదటిదైతే లిబ్‌అద్వైతతో పాటు వెళ్లండి, అంతకంటే సుఖమైన దారి లేదు. రెండోదైతే వట్టి జీటీకే 4తో సరిపెట్టుకోవచ్చు, కానీ పనికొచ్చే విడ్జెట్లు చాలా లిబ్‌అద్వైతలోనే ఉన్నాయని త్వరలోనే తెలిసొస్తుంది.

విండోస్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. జీటీకే విండోస్‌లో నడుస్తుంది, గింప్, ఇంక్‌స్కేప్ నడవట్లేదా? కానీ ఇన్‌స్టాలర్ కట్టడం శ్రమ, కట్టాక కూడా అది విండోస్ అప్లికేషన్‌లా ఉండదు. మీ వాడుకదారుల్లో సగం మంది విండోస్‌లో ఉంటే ఇటు రావద్దు.

ఇంకొకటి, జీటీకే పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా పాత కోడ్ విరుగుతుంది. 2 నుంచి 3, 3 నుంచి 4, రెండుసార్లూ అంతే. జీటీకే 4.18లో ఎక్స్11 (తెర మీద కిటికీలు చూపించే పాత వ్యవస్థ) మద్దతును వీడ్కోలు జాబితాలో పెట్టారు, జీటీకే 5 నాటికి తీసేస్తామన్నారు. దాని స్థానంలో వచ్చిన వేలాండ్ వైపు అందరూ వెళ్తున్నారు కాబట్టి అది తప్పేమీ కాదు. మీరు పాత కంప్యూటర్లలో ఎక్స్11 డెస్క్‌టాప్ పెట్టి నడిపిస్తున్నట్టయితే గుర్తుపెట్టుకోండి.

## వెబ్ దారి: ఎలక్ట్రాన్, టౌరీ

హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లు మన దగ్గర కోకొల్లలు. వాళ్లకు ఎలక్ట్రాన్ సులువైన దారి. అటామ్ ఎడిటర్ కోసం గిట్‌హబ్‌లో మొదలైంది, ఇప్పుడు వీఎస్ కోడ్, సిగ్నల్ డెస్క్‌టాప్, స్లాక్ దీని మీదే ఉన్నాయి. తెలుగు చక్కగా వస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నది క్రోమియం. స్క్రీన్ రీడర్‌కు కూడా పనికొస్తుంది, మీరు హెచ్‌టీఎంఎల్ శుభ్రంగా రాస్తే.

కానీ లోపల ఉన్నది క్రోమియం! ఒక చిన్న నోట్స్ అప్లికేషన్‌కు కూడా మొత్తం బ్రౌజర్ మూట కట్టుకుని వెళ్లాలి. ప్యాకేజీ నూరు ఎంబీ దాటుతుంది, తెరవగానే నాలుగైదు ప్రాసెస్‌లు లేస్తాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఇంతకంటే పెద్ద భారం అప్‌డేట్లది. క్రోమియం కొత్త వెర్షన్లను అనుసరించి ఎలక్ట్రాన్ ఎనిమిది వారాలకో పెద్ద వెర్షన్ ఇస్తుంది, చివరి మూడింటికే భద్రతా దిద్దుబాట్లు ఇస్తుంది. అంటే రాసిచ్చి మర్చిపోయే అప్లికేషన్‌కు ఇది తగదు. ఏడాది ముట్టుకోకపోతే పాత బ్రౌజర్‌ను జనం కంప్యూటర్లలో వదిలేసినట్టే. జీటీకే, క్యూటీలను డిస్ట్రో నుంచి వాడితే ఆ దిద్దుబాట్లు డిస్ట్రో వాళ్లు చూసుకుంటారు.

టౌరీ ఇదే ఆలోచనను వేరేలా చేసింది. బ్రౌజర్‌ను మోసుకెళ్లకుండా, యంత్రంలో ఉన్న వెబ్‌వ్యూను (వెబ్ పేజీలు చూపించే భాగాన్ని) వాడుకుంటుంది. వెనక పని రస్ట్‌లో. డెబ్ ప్యాకేజీ కొన్ని ఎంబీలతో సరిపోతుంది. అయితే లినక్స్‌లో వెబ్‌కిట్‌జీటీకే, విండోస్‌లో క్రోమియం ఆధారమైన వెబ్‌వ్యూ2, మ్యాక్‌లో సఫారీ ఇంజన్. మూడు చోట్లా పేజీ ఒకేలా వస్తుందన్న భరోసా లేదు, మూడు చోట్లా పరీక్షించాలి. ఈ మూడింటిలో లినక్స్ వైపే నాకు ఎక్కువ తడబాటు కనిపించింది, బరువైన యానిమేషన్లలో ముఖ్యంగా. ఫారాలు, జాబితాల వరకు హాయిగా ఉంది.

## మిగతావి, త్వరగా

టికింటర్. పైథాన్‌తో పాటే వస్తుంది (చాలా లినక్స్ డిస్ట్రోల్లో విడి ప్యాకేజీగా వేసుకోవాలి), ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఇంగ్లీషు మాత్రమే కనిపించే చిన్న పనిముట్లకు ఇప్పటికీ నేను వాడతాను. తెలుగు చూపించాలంటే లినక్స్‌లో వద్దు. ఇన్నాళ్లూ స్క్రీన్ రీడర్‌కు కూడా అందులో ఏమీ కనిపించని పరిస్థితి.

డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్. 1992 నుంచి ఉన్న పెద్దమనిషి. సొంతంగా బటన్లు గీయకుండా లినక్స్‌లో జీటీకేని, విండోస్‌లో విండోస్ బటన్లనే వాడుకుంటుంది. అందుకే తెలుగు పాంగో ద్వారా సరిగ్గా వస్తుంది. ఫైల్‌జిల్లా, కీక్యాడ్ దీని మీదే ఉన్నాయి. లైసెన్సు చాలా ఉదారం, సోర్స్ ఇవ్వకుండా అమ్మినా గొడవ లేదు. పైథాన్ వాళ్లు మాత్రం లినక్స్‌లో డబ్ల్యూఎక్స్‌పైథాన్‌ను పిప్‌తో వేయబోతే సోర్స్ నుంచి కంపైల్ మొదలవుతుంది, టీ తాగి వచ్చినా అవ్వదు. డిస్ట్రో ప్యాకేజీ వేసుకోండి.

ఫ్లట్టర్. మొబైల్ యాప్ ఇప్పటికే ఫ్లట్టర్‌లో ఉంటే డెస్క్‌టాప్‌కు కూడా అదే కోడ్ తీసుకురావచ్చు. ఉబుంటు కొత్త ఇన్‌స్టాలర్‌ను, యాప్ సెంటర్‌ను దీంతోనే కట్టారు. తెలుగు బాగా వస్తుంది. ఒకే అప్లికేషన్‌లో చాలా కిటికీలు తెరవాల్సిన పనికి మాత్రం మొబైల్ వాసన వదలదు. డెస్క్‌టాప్ కోసమే కొత్తగా దీని భాష డార్ట్ నేర్చుకోమని ఎవరికీ చెప్పను.

రస్ట్ వాళ్లవి. ఐస్డ్, స్లింట్, ఈగుయ్. లినక్స్ కంప్యూటర్లు అమ్మే సిస్టమ్76 వాళ్లు కాస్మిక్ డెస్క్‌టాప్ మొత్తాన్ని ఐస్డ్ మీద కట్టారంటే అది ఆటబొమ్మ కాదని అర్థం. స్లింట్‌ను క్యూటీలో పనిచేసి వచ్చినవాళ్లు మొదలుపెట్టారు, చిన్న పరికరాల తెరలకు బాగుంటుంది. ఈగుయ్ రాయడానికి సరదాగా ఉంటుంది, కానీ నేను చూసినప్పుడు తెలుగు అచ్చం టికింటర్‌లో లాగే విడిపోయింది. డియర్ ఇమ్‌గుయ్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీదీ అదే కథ. ఆటల లోపలి పనిముట్లకు అవి పుట్టాయి, అక్కడ వాడుకోండి.

లాజరస్. డెల్ఫీ, విజువల్ బేసిక్ రోజుల్లో బిల్లింగ్ ప్రోగ్రాంలు రాసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఫారం మీద బటన్ లాగి పెట్టి, దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ రాసే హాయి ఇక్కడ దొరుకుతుంది. కింద జీటీకే గానీ క్యూటీ గానీ వాడుకుంటుంది. కొత్తవాళ్లెవరూ దీని గురించి మాట్లాడరు, పనిమాత్రం చేస్తుంది.

## ఒక్క చూపులో

| టూల్‌కిట్ | రాసే భాషలు | లినక్స్‌లో తెలుగు | సోర్స్ ఇవ్వకుండా అమ్మాలంటే | విండోస్‌లో కూడా కావాలంటే |
|---|---|---|---|---|
| క్యూటీ | సీ ప్లస్ ప్లస్, పైథాన్ | బాగుంటుంది | వీలే, మాడ్యూళ్లు చూసుకోవాలి | చాలా బాగుంటుంది |
| జీటీకే 4 | సీ, పైథాన్, రస్ట్, వాలా, జావాస్క్రిప్ట్ | బాగుంటుంది | వీలే | శ్రమ |
| ఎలక్ట్రాన్ | జావాస్క్రిప్ట్ | బాగుంటుంది | సులువు | బాగుంటుంది, బరువు |
| టౌరీ | రస్ట్, జావాస్క్రిప్ట్ | బాగుంటుంది | సులువు | బాగుంటుంది |
| డబ్ల్యూఎక్స్ | సీ ప్లస్ ప్లస్, పైథాన్ | బాగుంటుంది | సులువు | బాగుంటుంది |
| ఫ్లట్టర్ | డార్ట్ | బాగుంటుంది | సులువు | ఫర్వాలేదు |
| లాజరస్ | పాస్కల్ | కింద ఉన్నదాన్ని బట్టి | సులువు | బాగుంటుంది |
| టికింటర్ | పైథాన్ | విడిపోతుంది | సులువు | ఫర్వాలేదు |

## ఎవరికి ఏది

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టు, పైథాన్ వచ్చు, రెండు నెలల గడువు: పైసైడ్6, విడ్జెట్స్. క్యూటీ డిజైనర్‌లో ఫారాలు లాగి పెట్టుకోవచ్చు, ప్రొఫెసర్ విండోస్‌లో తెరిచినా నడుస్తుంది. లైసెన్సు గురించి వైవాలో అడిగితే చెప్పడానికి పైన సరిపడా కథ ఉంది.

చిన్న కంపెనీ, మందుల షాపులకో ఎరువుల డీలర్లకో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, కొందరి దగ్గర విండోస్, కొందరి దగ్గర లినక్స్: క్యూటీ గానీ డబ్ల్యూఎక్స్ గానీ. క్యూటీ అయితే లైబ్రరీని విడిగా, మార్చుకోగలిగేలా ఉంచండి, ఎల్‌జీపీఎల్ అడిగేది ముఖ్యంగా అదే. మొత్తం ఒకే ఫైలులో కలిపేసి ఇవ్వాలనిపిస్తే లైసెన్సు తెలిసిన వకీలును అడిగాకే. టీమ్‌లో అందరూ వెబ్ వాళ్లయి ఉండి, నెలకోసారి అప్‌డేట్ పంపే క్రమశిక్షణ ఉంటే ఎలక్ట్రాన్‌కు నేను అడ్డు చెప్పను. కానీ దుకాణంలో ఉన్నది 4 జీబీ యంత్రమా అని ముందు వెళ్లి చూసి రండి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి కొత్తగా వస్తున్నవాళ్లు, నలుగురితో కలిసి పనిచేయాలనుకునేవాళ్లు: మీరు రోజూ ఏ డెస్క్‌టాప్ వాడతారో దాని టూల్‌కిట్టే. గ్నోమ్ అయితే జీటీకే, కేడీఈ అయితే క్యూటీ. అనువాదాలు, సమీక్షలు, సందేహాలు తీర్చే మనుషులు అక్కడే ఉంటారు. తెలుగు అనువాదానికి జీటీకేలో గెట్‌టెక్స్ట్ అనే అనువాద పద్ధతి వాడే పీఓ ఫైళ్లు, క్యూటీలో లింగ్విస్ట్ అనే పనిముట్టు ఉన్నాయి. గెట్‌టెక్స్ట్ అలవాటున్న మన అనువాదకులకు పీఓ ఫైళ్లు చేయి తిరిగిన పని.

చూపు లేనివాళ్లు కూడా వాడాల్సిన అప్లికేషన్ అయితే జీటీకే, క్యూటీ, ఎలక్ట్రాన్, ఈ మూడింటిలోనే ఎంచుకోండి. ఎంచుకున్నాక మానిటర్ ఆపేసి ఓర్కాతో ఒకసారి మీరే వాడి చూడండి.

## ఒక సాయంత్రం పరీక్ష

రెండు టూల్‌కిట్ల మధ్య ఆగిపోయారనుకోండి, రెండింటిలోనూ ఒకే చిన్న ప్రోగ్రాం రాయండి. ఒక టెక్స్ట్ పెట్టె, ఒక పట్టిక, ఒక ప్రింట్ బటన్. పెట్టెలో ఈ మాటలు కొట్టండి: స్త్రీ, జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి, ఫైర్‌ఫాక్స్. చివరి మాట ఎందుకంటే, అందులో ర్ తర్వాత కనిపించని విడదీత గుర్తు ఉంటుంది. అది పోతే ఫ ర కింద ఒత్తుగా దిగిపోయి చదవడానికి వింతగా ఉంటుంది. ఇప్పుడు బాణం కీతో అక్షరాల మధ్య నడవండి. కర్సర్ ఒత్తుల మధ్యలో ఇరుక్కుంటోందా? బ్యాక్‌స్పేస్ కొడితే ఏం పోతోంది? పట్టిక వరసల్లో కింది ఒత్తులు తెగిపోకుండా ఎత్తు సరిపోతోందా? కాగితం మీద ప్రింట్ కూడా తీయండి, తెర మీద బాగున్నది అక్కడ చెడిపోవడం మామూలే. ఇదంతా మీ కొత్త ల్యాప్‌టాప్‌లో కాదు, చివరికి ఏ యంత్రంలో నడవాలో ఆ యంత్రంలో చేయండి.

గ్రంథాలయం ప్రోగ్రాంను పైసైడ్‌లోకి మార్చడానికి నాకు పదకొండు సాయంత్రాలు పట్టింది. డేటాబేస్ పనంతా అదృష్టవశాత్తు వేరే ఫైలులో రాసి ఉంచాను, అక్కడ ఒక్క లైను కూడా మారలేదు. బటన్ల లోపల రాసుకున్న లెక్కలు మాత్రం మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. పెద్దాయన ఇప్పుడు జాబితాలో తప్పులు పడుతున్నారు, నేను టైపు చేసిన పేర్లలో.